మూడో సలాము

మలాంగ్,
8 సెప్టెంబరు 1997

వుర్యానీ,

కింద సంతకం చూసి ఉత్తరం పక్కన పడేయకు. ఇరవై మూడేళ్ళ కిందట నేను రాసిన రెండు ఉత్తరాలకి నువ్వు జవాబివ్వలేదు. ఈసారి ఇవ్వక తప్పదు. నీ కూతురు నా క్లాసులో ఉంది.

మనం చదివిన కాలేజీలోనే, మనం చదివిన ఇంగ్లీషు శాఖలోనే పాఠాలు చెబుతున్నాను. రెండో ఏడాది పిల్లలకి ఉపన్యాసం నేర్పేది నేనే. దర్సోనో మాస్టారు పోయి ఐదేళ్ళయింది. ఏడు నిమిషాలకి గంట కొట్టే ఆయన అలారం గడియారం గుర్తుందా? అదిప్పుడు నా బల్ల మీదుంది. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది, అచ్చం ఆయనలాగే.

మొన్న మొదటి క్లాసులో ఒక్కొక్కరినీ లేచి తమ గురించి ఇంగ్లీషులో మూడు నిమిషాలు మాట్లాడమన్నాను. నాలుగో వరసలోంచి ఒక పిల్ల వచ్చి నిలబడింది. ఎడమ బొటనవేలు కుడి గుప్పిట్లో పెట్టి తెగ తిప్పుతోంది. అచ్చం నీలాగే. "అస్సలాము అలైకుమ్" అంది. క్లాసంతా ఒక్క గొంతుతో జవాబిచ్చింది. ఆ తర్వాత నోరు తెరిచింది గానీ మాట రాలేదు. కాసేపు చూసి కూర్చోమన్నాను. కాలేజీ రికార్డులో వెతికితే, పేరు నింగ్రుమ్, ఊరు ట్రెంగ్గాలెక్, తల్లి పేరు వుర్యాని.

ఒక్క ముక్క రాయకుండా పిల్లని పంపించావు. నేనిక్కడ ఉన్నానని తెలిసి పంపావా, తెలియక పంపావా?

నీ,
కుంతరి


ట్రెంగ్గాలెక్,
19 సెప్టెంబరు 1997

గౌరవనీయులైన కుంతరి మేడం గారికి సలాములు.

మీ ఉత్తరం అందింది. మా అమ్మాయి మీ దగ్గర చదువుకోవడం మా అదృష్టం. మీరక్కడ ఉన్నారని నాకు తెలియదు. తెలిస్తే వేరే ఊరు పంపేదాన్నేమో.

మీకొక మనవి. నేను ఆ కాలేజీ గడప తొక్కానని నింగ్రుమ్‌కి తెలియదు. మా నాన్నగారి జబ్బు వల్ల హైస్కూలుతోనే చదువు ఆగిపోయిందని చెప్పాను. దయచేసి దాన్ని అలాగే ఉండనివ్వండి.

దానికి మాట రాకపోతే కోప్పడకండి, ఇంటికి పంపేయండి. మాకు సోయాగింజలు పులియబెట్టి చేసే టెంపే చిప్స్ వ్యాపారం ఉంది. మూకుడు పెద్దది, ఇద్దరం నిలబడి వేయించుకోవచ్చు. సోయా ముక్కలు మన ఉపన్యాసాలు అడగవు.

ఇట్లు,
వుర్యాని

తా.క. ఒక పొట్లం పంపుతున్నాను. కారం ఎక్కువ వేసినవి. మీకు అప్పట్లో అవే ఇష్టం.


మలాంగ్,
1 అక్టోబరు 1997

ఒసేయ్ వుర్,

ఇంకోసారి నన్ను "మేడం గారూ" అన్నావంటే ఆ బస్సెక్కి వచ్చి నీ మూకుడు బోర్లేస్తాను. ఒకే చాప మీద రెండేళ్ళు పడుకున్నవాళ్ళం. నా రెండో లంగా నువ్వూ, నీ మంచి చెప్పులు నేనూ వేసుకుని తిరిగినవాళ్ళం. నీకు నేను 'మీరు' అయ్యానా?

పొట్లం విప్పి పది నిమిషాల్లో ఖాళీ చేశాను. నాలుక మండిపోయింది. దాహమేసి నీళ్ళు తాగుతూంటే మనం అద్దెకున్న సర్పనమ్మ గారి పెరడు గుర్తొచ్చింది. ఆవిడ పోయింది, ఆ ఇల్లిప్పుడు ఫొటోకాపీ కొట్టు. కానీ ఆ బాతులు! మనం కర్రపెండలం మడి గట్టు మీద నిలబడి "గౌరవనీయులైన అధ్యక్షుల వారికీ, గౌరవనీయులైన అధ్యాపకులకీ" అని మొదలెట్టగానే పద్నాలుగు బాతులూ వరసగా వచ్చి మెడలు చాచి వినేవి. నువ్వు వాటి ముందు ఎంత ధాటిగా మాట్లాడేదానివే! సర్పనమ్మ గారు వంటింట్లోంచి అరిచేది: "అమ్మాయ్ వుర్యానీ, కాస్త గొంతు తగ్గించు, నీ ఇంగ్లీషు విని బాతులు గుడ్లు పెట్టడం మానేశాయి!"

ఉపన్యాసం రోజు పొద్దున్నే ఆవిడ ఇచ్చే కచ్చోరం బియ్యం పానకం, చేతిరుమాలు కొసన ముడేసుకునే గులకరాయి గుర్తున్నాయా? గులకరాయి దగ్గరుంటే కడుపు గడబిడ ఆగుతుందని మన నమ్మకం. ఇప్పటి పిల్లలూ అంతే. మొన్న ఒక అబ్బాయి వేదిక దిగుతూంటే జేబులోంచి మూడు రాళ్ళు జారిపడ్డాయి. "మూడెందుకురా?" అంటే "భయం మూడింతలుంది మేడం" అన్నాడు. ఒకమ్మాయి ఫ్యాన్ వంకే చూస్తూ మాట్లాడుతుంది. ఇంకొకడు పాఠమంతా బట్టీ పట్టి కళ్ళు మూసుకుని కురాన్ చదివినట్టు చదివేస్తాడు. అందరికీ ఏదో ఒక ఊతం దొరికింది. నీ నింగ్రుమ్‌కే ఏదీ పనిచేయడం లేదు.

రాతలో క్లాసులో దాన్ని మించినవాళ్ళు లేరు. లేచి నిలబడితే మటుకు సలాము వరకే. డిసెంబరు పద్దెనిమిదిన పెద్ద హాల్లో పరీక్ష. కాగితం చూడకుండా ఏడు నిమిషాలు మాట్లాడాలి. గట్టెక్కకపోతే వచ్చే ఏడు బళ్ళో పాఠాలు చెప్పే శిక్షణకి పంపరు. టీచరు ఉద్యోగం మాట ఇక మరిచిపోవడమే. నా చేతిలో ఏమీ లేదు, నాతో పాటు ఇంకో ఇద్దరు పరీక్షకులుంటారు.

ఇంటికి పంపేయమంటావా? పంపను. దానికి ధైర్యం వచ్చే దారేదన్నా తెలిస్తే చెప్పు.

కున్


ట్రెంగ్గాలెక్,
16 అక్టోబరు 1997

కుంతరీ,

"నువ్వు" అని రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. అలవాటు తప్పింది.

బాతుల సంగతి చదివి గట్టిగా నవ్వితే మా ఆయన దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు, నూనె మీద పడిందేమోనని. నేను నవ్వడం ఆయన ఎప్పుడో గాని వినడు. "ఎవరి ఉత్తరం?" అన్నాడు. "బాతులది" అన్నాను. ఏమనుకున్నాడో, మళ్ళీ దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

నింగ్రుమ్ చిన్నప్పుడు ఇలా లేదు. పదేళ్ళప్పుడు బస్టాండుకి నాతో వచ్చేది. తులుంగాగుంగ్ బస్సు ఆగీ ఆగగానే కిటికీల కింద నిలబడి "చిప్స్! వేడి చిప్స్! ట్రెంగ్గాలెక్ దాటితే దొరకవు, తర్వాత ఏడవకండి!" అని కేకేసేది. డ్రైవర్లు దీనికి 'మైకు' అని పేరెట్టారు. ఇంటికొచ్చి టెంపే చుట్టిన ఆకు పొట్లాలని వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. అల్లరి చేసిన పొట్లాన్ని గోడ వైపు తిప్పేది. ఆరేళ్ళ వయసు నుంచీ దానికి టీచరు పిచ్చి.

పోయిన వారం ఉత్తరం రాసింది. "అమ్మా, నేను చదువు మానేస్తాను. నిలబడితే నా గొంతు నాది కాదు" అని. ఆ మాట చదివి చల్లబడిపోయాను కున్. సరిగ్గా అదే మాట నేను మా నాన్నతో అన్నాను. నా శాపం దానికి తగిలిందేమో. ఆకారం, బొటనవేలు తిప్పడం ఇస్తే చాలదా, ఇది కూడా ఇవ్వాలా?

నన్ను దారి అడిగావు. దారి తెలిసినదాన్నయితే ఈ మూకుడు దగ్గర ఎందుకుంటాను? టెలిఫోను చెయ్యమని కూడా అడగకు. ఆ గొట్టం చేతికిస్తే నాకు హాలంతా కనిపిస్తుంది.

వుర్


మలాంగ్,
2 నవంబరు 1997

వుర్,

ఈ ఉత్తరం ఇరవై మూడేళ్ళ కిందట రాయాల్సింది. అప్పుడు రాసిన రెండింట్లోనూ యోగక్షేమాలు అడిగానే తప్ప, అసలు సంగతి రాయలేదు.

మన ఒప్పందం మరిచిపోయి ఉండవు. ఒకరు వేదిక ఎక్కితే ఇంకొకరు ముందు వరసలో కూర్చోవాలి. మాట తట్టకపోతే కిందున్నవాళ్ళు సిగ మీద చెయ్యి పెట్టుకోవాలి. 'ఏం ఫర్వాలేదు, తర్వాతి మాటకి పో' అని దానర్థం. నా వంతు వచ్చినప్పుడు నీ చెయ్యి ఎన్నిసార్లు సిగ మీదకి వెళ్ళిందో! నీ సిగ ఊడిపోయేది.

నువ్వు చివరిసారి వేదికెక్కిన రోజు పొద్దున దర్సోనో మాస్టారు నన్ను పిలిచి, "ఇవాళ మాట్లాడేవాళ్ళలో ఒకరిని సురబాయలో ఉపన్యాస పోటీకి పంపుతాను. నువ్వో, వుర్యానియో" అన్నారు. నేను నీకు చెప్పలేదు. నువ్వు మెట్లెక్కుతూంటే తల దించుకున్నాను. ఒక్కసారి నీ మొహం చూస్తే నా చెయ్యి దానంతటదే లేస్తుందని భయం. నువ్వు సలాము చెప్పావు, హాలు జవాబిచ్చింది. నీకు మాట తట్టలేదు. మళ్ళీ సలాము చెప్పావు, మళ్ళీ జవాబిచ్చారు, కొంచెం నవ్వుతూ. మూడోసారి చెప్పేటప్పటికి జవాబివ్వడానికి ఎవరికీ నోరు ఖాళీ లేదు, అంతా నవ్వే. నేను నా చెప్పుల వంకే చూస్తున్నాను. నీ పరుగు వినిపించింది, గుమ్మం దగ్గర పూలకుండీ భళ్ళున పగిలింది. అప్పటికిగాని తలెత్తలేదు.

నేను సురబాయ వెళ్ళాను. మూడో బహుమతి వచ్చింది. ఆ పత్రాన్ని ఎప్పుడూ గోడకి తగిలించలేదు.

నువ్వు వేదిక మీద నుంచి నన్ను చూశావు, చెయ్యి లేవలేదని చూశావు, అందుకే వెళ్ళిపోయావు, అందుకే జవాబు రాయలేదు అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడు నీ పిల్ల అదే బొటనవేలు తిప్పుకుంటూ నా ముందు నిలబడుతోంది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. తెలియాలని రాస్తున్నాను.

కుంతరి


ట్రెంగ్గాలెక్,
27 నవంబరు 1997

కున్,

మూడు వారాలు జవాబు రాయలేదు. కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు, ముందే చెబుతున్నాను.

మొదట నీ ఉత్తరం చదివి ఏం చేశానో తెలుసా? నవ్వాను. పిచ్చిదానిలా నవ్వాను. రెండు వాయిలు మాడిపోయాయి. ఎందుకంటే, ఓసి పిచ్చి మొహమా, నేను నిన్ను చూడనే లేదు!

నా సోడాబుడ్డి కళ్ళద్దాలు గుర్తున్నాయా? అవి లేకపోతే నాకు బాతుకీ బిందెకీ తేడా తెలియదు. ముందు రోజు పై క్లాసు అమ్మాయి ఒకతె చిట్కా చెప్పింది, "కళ్ళద్దాలు తీసేయ్, మొహాలు కనపడవు, భయమూ ఉండదు" అని. నీకు చెబితే "మరి నా సైగ ఎలా కనపడుతుందే?" అని తిడతావని చెప్పలేదు. మెట్ల దగ్గర తీసి నడుముకి దోపుకున్నాను. పైకెక్కి చూస్తే మొహాలు లేవు, నిజమే. మసక మసగ్గా ఒక పెద్ద తెల్లని గోడ. గోడకి ఎవరైనా ఏం చెబుతారు? సలాము చెబితే గోడ పలికింది. మనుషులున్నారని తెలియడానికి మళ్ళీ చెప్పాను. నువ్వు ఆ గోడలో ఎక్కడో సిగ మీద చెయ్యి పెట్టుకుని నా కోసం తంటాలు పడుతున్నావని నాకు తెలుసు. కనపడటం లేదు. కళ్ళద్దాలు తీసి పెట్టుకుందామంటే చేతులు రాలేదు. కుండీ ఎందుకు పగిలిందనుకున్నావు? కనపడలేదే!

ఇన్నేళ్ళూ నేననుకున్నది ఇది. నా కోసం చెయ్యెత్తి కూర్చున్న స్నేహితురాలికి చెప్పకుండా ఒప్పందం నేనే తప్పాను, దాని మొహం ఎలా చూడను అని. నీ రెండు ఉత్తరాలూ చదివి నీ మంచితనానికి ఏడ్చాను. ఆ మంచితనం సంగతి ఇప్పుడు తెలిసింది. కోపం అక్కడ వచ్చింది. ఇరవై మూడేళ్ళు నేను సిగ్గుపడ్డది లేని చెయ్యి కోసమా?

తర్వాత ఏడ్చాను. ఆ తర్వాత మా ఆయన, "బాతుల దగ్గర్నుంచి మళ్ళీ ఉత్తరమా?" అన్నాడు. అప్పుడు ఆయనకి మొత్తం చెప్పాను. పెళ్ళయి ఇరవై ఒక్క ఏళ్ళకి. ఆయన, "పిల్లకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. మనిద్దరం చెప్పుకోవాల్సింది చెప్పుకోక ఏమైందో చూశాం కదా. పద్దెనిమిదికి నేను వస్తాను. బయటివాళ్ళని కూర్చోనిస్తారా?

వుర్


మలాంగ్,
5 డిసెంబరు 1997

వుర్,

రా. కూర్చోనిస్తారు. కానీ పరీక్షకులు గానీ, వచ్చినవాళ్ళు గానీ మాట అందించకూడదు, సైగ చేయకూడదు. అందిస్తే ఆ పిల్ల తప్పినట్టే. నా పక్కన కూర్చునే హరియాది గారు అసలే చండశాసనుడు. నింగ్రుమ్‌ది పదకొండో నంబరు.

నీ కోపం ఎన్నాళ్ళున్నా ఉంచుకో. నువ్వొస్తే చాలు.

కళ్ళద్దాలు మరిచిపోకు.

కున్


ట్రెంగ్గాలెక్,
21 డిసెంబరు 1997

కున్,

ఎదురుపడ్డప్పుడు మనం ఏం మాట్లాడుకున్నాం? "లావయ్యావు" అన్నాను. "నువ్వూ" అన్నావు. నీ చేతిలో మార్కుల కాగితాలు, నాకు బస్సు తొందర. అందుకే రాస్తున్నాను. నువ్వు వేదిక మీద పరీక్షకుల బల్ల దగ్గర నుంచి చూశావు. హాల్లోంచి నాకేం కనిపించిందో నీకు తెలియాలి.

ఆ రోజు పొద్దున్న పెచెల్ కొట్లో ఆకుకూర, వేరుశనగ పచ్చడి కలుపుకుంటూ నింగ్రుమ్‌కి చెప్పేశాను. కాలేజీ, కళ్ళద్దాలు, మూడు సలాములు, కుండీ అన్నీ. చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అంటే... అమ్మా, నీకు ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చు."

"మరి నేనూ నా ఫ్రెండూ ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడుకున్నవన్నీ?"

"అన్నీ. ఆ పొడుగాటి అబ్బాయి సంగతి కూడా."

అది మొహం రెండు చేతుల్లో దాచుకుంది. తర్వాత వేళ్ళ సందుల్లోంచి చూస్తూ, "హైస్కూలుతో ఆగిపోయిన ఆవిడ నా ఉత్తరాల్లో తప్పులు ఎలా దిద్దుతుందా అనుకునేదాన్ని" అంది. కొట్టు బయట ఒక గులకరాయి ఏరి దాని చేతిలో పెట్టాను. ఎందుకని అడగలేదు, రుమాలు కొసన ముడేసుకుంది.

హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. అదే హాలు, కాకపోతే గోడలకి పచ్చరంగేశారు. గుమ్మం దగ్గర కుండీ లేదు, బుద్ధిమంతులు. పదకొండో నంబరు పిలిచారు. నింగ్రుమ్ మెట్లెక్కింది. సలాము చెప్పింది, హాలు జవాబిచ్చింది. నోరు తెరిచింది. మాట లేదు. నీ బల్ల మీద గడియారం చప్పుడు నా దాకా వినిపించింది. బొటనవేలు తిప్పుతోంది. మళ్ళీ సలాము చెప్పింది. వెనక వరసల్లో నవ్వు మొదలైంది. అది అదే నవ్వు కున్, మనిషికో తీరుగా ఉండదది. నాకే లేచి గుమ్మం వైపు పరుగెత్తాలనిపించింది. ఈ వయసులో, కూతురి పరీక్షలో!

మూడోసారి చెప్పింది. గొంతు సగంలో విరిగింది. ఎవ్వరూ జవాబివ్వలేదు, నవ్వు ఆపుకుంటున్నారు. నేను లేచి నిలబడ్డాను. "వ అలైకుముస్సలామ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు" అన్నాను, పూర్తిగా, ఒక్క ముక్క మింగకుండా. బస్టాండు గొంతు అది. హాలంతా నా వైపు తిరిగింది. ఆ హరియాది గారు పెన్ను ఎత్తి, "బయటివాళ్ళు మాట్లాడకూడదమ్మా!" అన్నారు. నువ్వేమన్నావో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "సలాముకి జవాబివ్వడం మాట అందించడం కాదండీ. అది బాకీ. మనమే ఇవ్వాల్సింది, ఆవిడ ఇచ్చింది" అన్నావు. ఆయన గడ్డం గోక్కుని పెన్ను దించేశాడు.

నింగ్రుమ్ నా వంక చూసి ఫక్కున నవ్వింది. అప్పుడు వచ్చింది మాట. "జవాబిచ్చిన ఆవిడ మా అమ్మ. ఇరవై మూడేళ్ళ కిందట ఆవిడ కూడా ఇక్కడే నిలబడి మూడు సలాములు చెప్పి పారిపోయింది. కాబట్టి ఇది మా ఇంటి ఆచారం. మన్నించండి" అంది ఇంగ్లీషులో. ఈసారి హాలు నవ్విన నవ్వు వేరు. తను తయారుచేసుకున్న నదుల కాలుష్యం ఉపన్యాసం ఎటు పోయిందో! బస్టాండు గురించి, కిటికీల కింద కేకల గురించి, గోడ వైపు తిప్పిన టెంపే పొట్లాల గురించి మాట్లాడింది. వ్యాకరణం తప్పులు తొమ్మిది లెక్కపెట్టాను. గంట మోగినా ఆగలేదు. మాస్టారి గడియారం వెనకబడుతుందన్నావుగా, ఇంకెంత మాట్లాడిందో.

"సి" గ్రేడు వేశారని ఏడుస్తుందేమో అనుకున్నాను. సి అయితేనేం, గట్టెక్కానంటూ బస్టాండు దాకా ఎగురుతూ వచ్చింది. ఫిబ్రవరిలో శిక్షణకి కొండ మీద బడి కోరుకుంటుందట.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

రెండో సలాము అప్పుడు నేను దాని మొహం చూడలేకపోయాను. నీ వైపు చూశాను. నువ్వు నింగ్రుమ్‌ని చూస్తున్నావు, కళ్ళార్పకుండా. నీ కుడి చెయ్యి సిగ మీద ఉంది. దానికి ఆ సైగ తెలియదు. హరియాది గారు చూస్తే నీకే మాటొచ్చేది. చెయ్యి అక్కడికి వెళ్ళిందని నీకైనా తెలుసో లేదో. దించనే లేదు నువ్వు.

నేను కళ్ళద్దాలు తీయలేదు కున్. స్పష్టంగా కనిపించింది. అందుకే లేచాను.

కోపం పోయింది. కారం చిప్స్ రెండు పొట్లాలు పంపుతున్నాను, ఒకటి ఆ హరియాది గారికివ్వు.

నీ,
వుర్